వంటింటికీ పంక్తికీ నడుమ

పాత ఇంటిని బాగుచేయించుకోవాలని సంకల్పించిన గృహస్థు చూపు మొట్టమొదట వీధి గుమ్మం మీద పడుతుంది. అటుపిమ్మట పడసాల, ఆ తర్వాత పడకగది. వచ్చినవారు చూచేవి అవే గదా! వంటింటి వంతు వచ్చేసరికి చేతిలోని సొమ్ము సగానికి పైగా కరిగిపోయి ఉంటుంది. మేస్త్రీకి తొందర, ఇంటాయనకు విసుగు. గోడకు నాలుగు వరుసల పింగాణి పలకలు అతికించి, ఒక నల్లబండ పరచి, పని అయిందనిపిస్తారు. ఆ పని ఏపాటిదో పండుగకు బంధుజనం దిగినప్పుడు గాని తెలియదు. ముప్పదిమంది పడసాలలో కూర్చుండి కబుర్లాడుకొంటూ ఉంటే, వారందరికీ వండిపెట్టే ఇల్లాలు గోడకు ఆవల ఉంటుంది. నవ్వులు ఆమెకు వినిపిస్తాయి. దేనికి నవ్వినారో మాత్రం తెలియదు.

హైదరాబాదుకు ఆగ్నేయంగా, ఇబ్రహీంపట్నం వైపున ఉన్న నాదర్‌గుల్ ఈ విషయాన్ని ఆలోచించడానికి తగిన ఊరు. శిక్షణ విమానాల కోసం ఏర్పడిన చిన్న రన్‌వే వలనను, 1981లో వెలసిన మాటూరి వెంకట సుబ్బారావు ఇంజనీరింగు కళాశాల వలనను పై ఊళ్లవారికి దాని పేరు తెలిసినది. నగరం పెరిగి పెరిగి ఆ ఊరిని తాకినది. చేలుండిన చోట ఇళ్లస్థలాల హద్దురాళ్లు లేచినవి. అక్కడ కొత్తగా కట్టే ఇంట్లో వంటిల్లు కాగితం మీద గీత గీసినప్పుడే హాలు సరసకు వచ్చి చేరుతుంది. చిక్కంతా తాతల నాటి ఇంటితోనే. దానిని పడగొట్టడానికి మనసొప్పదు. ఉన్నది ఉన్నట్లు ఉంచితే పండుగనాడు ఇల్లాలి నడుము నిలవదు.

ఈ ప్రాంతపు పాత ఇంటి తీరు ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. మట్టితోనో, రాయి సున్నంతోనో లేపిన మందపు గోడలు; వాటి మీద దూలాలు, వాసాలు; ఆపైన గూన పెంకు. దర్వాజ దాటితే నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ దాలాను, దానిలోనుంచి తలుపులు తెరచుకొనే అర్రలు. అన్నిటికీ వెనుక, పెరటికి ఆనుకొని, ఒక చిన్న కిటికీతో వంటర్ర. నేల మీద మట్టిపొయ్యి, మూలన నీళ్ల గోలెం, పైన ఉట్టి, గోడలో దీపపు గూడు. పెంకుల సందుల గుండా పోగలిగినంత పొగ పోయేది. పోలేనిది అక్కడే ఉండేది.

వంటర్రను వెనుకకు నెట్టినవారు తెలివితక్కువవారు కారు. నిప్పు పెరటి వైపున ఉంటే ఇల్లంతటికీ అపాయం తక్కువ. నుయ్యి దగ్గర, కట్టెల మోపు దగ్గర. పొగ మగవారు కూర్చునే వైపు రాదు. అయితే వీటితోపాటు పైకి చెప్పుకోని కారణాలు మరి రెండున్నవి. ఇంటి ఆడవారు పరాయివారి కంటబడరాదన్నది ఒకటి. వంటింటి గడప ఎవరు దాటవచ్చునో, ఎవరు దాటరాదో కులాన్నిబట్టి నిర్ణయించడం రెండవది. అతిథి ఎంత ఆప్తుడైనా అతని కులం తెలిసిన తర్వాతనే ఏ గడప వద్ద ఆగాలో తేలేది. కాబట్టి ఆ గోడ పొగను మాత్రమే ఆపిన గోడ కాదు. దానిలో వాకిలి తెరవాలని కోరుకొనే గృహస్థు తెలిసో తెలియకో ఒక పాత కట్టడిని కూడ కదిలిస్తున్నాడు.

అతిథి సత్కారాన్ని తెలుగు కవులు కీర్తించినంతగా మరెవరు కీర్తించినారు? పెద్దన గారి మనుచరిత్రలో ప్రవరుని ఇల్లాలు సోమిదమ్మ వేయిమంది వచ్చినా వండడానికి అలసిపోదు. నడిరేయి అతిథి తలుపు తట్టినా అన్నం పెడుతుంది. ఆ పద్యం బడిలో చదివినవారికి ఆ మహా ఇల్లాలి మీద గౌరవం కలుగుతుంది. వేయిమందికి వండిన ఆమె ఎక్కడ నిలుచున్నది, ఆ పొగకు కళ్లేమైనవి అన్న ప్రశ్న తరగతిలో ఎవరూ అడగరు. రాయలవారు కొంత నయం. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనాన్ని ఋతువులనుబట్టి మార్చి వర్ణించినాడు. వేసవిలో చల్లనివి, చలికాలంలో మిరియపు ఘాటుతో పొగలుగ్రక్కే కూరలు. ముసురు పట్టిన రోజులలో కట్టెలు తడిసి ఉంటాయి గనుక కొబ్బరి బొరియలను వంటచెరకుగా వాడినట్లు చెప్పినాడు. రాజ్యమేలే ప్రభువుకు పొయ్యిలోని చెరకు మీద దృష్టి పోవడం చిన్న విషయం కాదు.

ఇరువదవ శతాబ్ది చివరకు వచ్చేసరికి అడుగని ఆ ప్రశ్నను స్త్రీలే అడిగినారు. పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథలో ఒక గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరేమిటో మరచిపోతుంది. దానిని వెతుక్కొంటూ బయలుదేరుతుంది. ఇంటిని అందంగా ఉంచడంలోనే ఇల్లాలు ఎట్లా చెరిగిపోగలదో ఆ చిన్న కథ చెప్పినంత సూటిగా పెద్ద వ్యాసాలు చెప్పలేదు. వంటిల్లు మార్చదలచినవారు మేస్త్రీని పిలిచే ముందు ఒకసారి చదువవలసిన కథ అది.

పొగను తరిమే ప్రయత్నానికి హైదరాబాదులోనే ఒక ముఖ్యమైన అధ్యాయమున్నది. ఈనాటి విద్యార్థులకు అది అంతగా తెలియదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాల అధిపతిగా పనిచేసిన డాక్టర్ ఎస్.పి. రాజు, లక్షలాది జనానికి పొగలేని వంటిళ్లు అనే అర్థం వచ్చే పేరుతో 1953లో ఆంగ్లంలో ఒక పుస్తకం వెలువరించినాడు. ఆయన పొయ్యి చేసింది మట్టితోనే. మంట ఒకచోట, దాని వెంట వరుసగా పాత్రలు నిలిపే కన్నాలు, వాటి అడుగున మూసిన సొరంగం, చివర ఇంటి కప్పును దాటిపోయే గొట్టం. వేడెక్కిన గాలి తేలికపడి గొట్టంలో పైకి పోతుంది. పోతూ పోతూ పొయ్యి నోటిలోనికి కొత్త గాలిని లాగుతుంది. ఊదుగొట్టంతో ఊదే పనిని ఆ లాగుడే చేస్తుందన్నమాట. ఒక్క మంట మీద అన్నం, పప్పు నడుస్తాయి. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు 1941లో ప్రపంచానికి నాలుగు స్వేచ్ఛలు చాటినాడు. రాజుగారు వంటింటి స్త్రీకి అయిదు చెప్పినారు: పొగ నుంచి, మసి నుంచి, వేడి నుంచి, దుబారా నుంచి, అగ్నిభయం నుంచి విముక్తి. సేద్యపు నీటిని, ఇంటి కట్టడాలను పరిశోధించవలసిన ఇంజనీరు పొయ్యి ముందు కూర్చుండి ఆలోచించినాడంటే ఆ కాలపు ఉత్సాహం ఎటువంటిదో ఊహించుకోవచ్చును.

ఆ ఉత్సాహం ఇంటింటికీ చేరలేదు. 1980లలో కేంద్ర ప్రభుత్వం చేపట్టి 2002 వరకు నడిపిన మెరుగైన పొయ్యిల పథకం కూడ అనుకొన్నంత ఫలితమివ్వలేదు. గొట్టంలో మసి పేరుకొంటే తీసేవారుండరు. కన్నం కొలత ఒకటి, ఇంట్లోని గంజు కొలత మరొకటి. పొయ్యి నోటికి సరిపడేటట్లు కట్టెను చిన్నగా చీల్చాలి. చీల్చే చేతులు మళ్లీ ఆ ఇల్లాలివే. పగిలిన పొయ్యికి మట్టి మెత్తే తీరిక లేక పాత మూడు రాళ్లకే తిరిగిపోయినవారున్నారు. వండే మనిషిని అడుగకుండ వంటసాధనం తయారుచేస్తే ఏమవుతుందో ఈ కథ తెలుపుతుంది.

గ్యాసు రావడంతో వ్యవహారం మారినది. 1999లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం క్రింద పేద స్త్రీల పేర గ్యాసు కనెక్షన్లు ఇప్పించినది. 2016లో కేంద్రపు ఉజ్జ్వల పథకం వచ్చినది. పొగ బాధ ఎంతటిదో ఒక్క లెక్క చాలును: ఇళ్లలోని పొగ వలన కలిగే జబ్బులతో 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షలమంది మరణించినారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వంటింటిని వెనుకకు నెట్టిన కారణాలలో పెద్దది గ్యాసుతో తొలగిపోయినది. వంటర్ర మాత్రం ఆ మూలనే ఉండిపోయినది. మట్టిపొయ్యి ఉండిన చోట నాపరాయి బండ, బండ మీద గ్యాసు పొయ్యి. చీకటి అదే, ఇరుకు అదే. పడసాలకూ దానికీ నడుమ నడక అంతే.

ఇక దీనికి విరుగుడుగా పత్రికలలోని రంగుల బొమ్మలు చూపే వంటిల్లు ఎక్కడినుంచి వచ్చినదో తెలిస్తే కొంత భ్రమ వదులుతుంది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో 1926లో మార్గరెటె ష్యూట్టె లిహోట్స్కీ అనే స్త్రీ శిల్పి కార్మికుల ఇళ్లకోసం ఒక వంటిల్లు రూపొందించినది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. రైలుబండిలోని భోజనపెట్టె వంటగదిని ఆమె ఆదర్శంగా పెట్టుకొన్నది. అడుగు కదపకుండ అన్నీ చేతికందాలి, ఇల్లాలికి సమయం మిగలాలి అన్నది ఆమె ఆశయం. అటువంటివి సుమారు పదివేలు కట్టినారు. ఈనాటి అరలు, సొరుగుల వంటిళ్లన్నీ దాని సంతానమే. అంతకుముందు తానెన్నడూ వంట చేసి ఎరుగనని ఆమె ఆ తర్వాత చెప్పుకొన్నది! ఆ వంటిల్లు ఒక్క మనిషికి సరిపడేది. రెండవ మనిషి వస్తే ఒకరినొకరు త్రోసుకోవాలి. వండే మనిషి ఇంటివారికి దూరమై ఒంటరిదవుతున్నదన్న విమర్శ కాలక్రమాన దాని మీద వచ్చినది.

తెలంగాణ పల్లెలో అతిథుల వంట ఒంటరి పని కానే కాదు. సంక్రాంతికి సకినాలు చేసే తీరు చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. నానబెట్టి దంచిన తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, నేల మీద పరచిన గుడ్డ చుట్టూ అయిదారుగురు కూర్చుంటారు. బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమ పిండిని పురిపెడుతూ చుట్టు మీద చుట్టు తిప్పుతారు. ఇరుగుపొరుగువారు ఈ రోజు ఈ ఇంట, రేపు మరో ఇంట. పని పూర్తి అయ్యేసరికి వాడకట్టు వార్తలన్నీ చర్చకు వచ్చి ఉంటాయి. సద్దుల బతుకమ్మనాడు నువ్వులు, పెరుగు, చింతపండు, ఒక్కొక్క సద్దీ ఒక్కొక్క చేతి మీదుగా తయారవుతుంది. రైలుపెట్టె వంటగదిలో సకినాల గుడ్డ పరచడమెట్లా? ఎనిమిదడుగుల చదరపు నేల లేనిదే ఆరుగురు గుండ్రంగా కూర్చోలేరు.

కనుక పాత ఇంటి వంటింటికి కావలసింది కొత్త అలమరలు కావు. చోటు, వెలుతురు, పడసాలతో చూపు కలపడం. ఇక్కడనే తొందరపాటు ప్రమాదం తెచ్చిపెడుతుంది. వంటర్రకూ దాలానుకూ నడుమ ఉన్న గోడను పూర్తిగా తీసివేస్తే సరిపోదా అని యజమాని అంటాడు. కొత్త ఇళ్లలో బరువును కాంక్రీటు స్తంభాలు మోస్తాయి. నడిమి గోడ అడ్డుతెర వంటిది. పాత ఇంట గోడే స్తంభం. దూలాల కొనలు దానిలో దిగి ఉంటాయి. కప్పు బరువంతా ఆ కొనల గుండా గోడలోనికి, గోడ గుండా పునాదిలోనికి పోతుంది. అటువంటి గోడను సమ్మెటతో కొట్టడమంటే నిలుచున్న మనిషి కాళ్లు లాగడమే. దూలం ఏ చోట ఆనినదో మొదట చూడాలి. రెండు దూలాల నడిమి భాగంలో, కప్పుకు తాత్కాలికంగా ఊతలు పెట్టి, పైన బలమైన అడ్డదూలం ఇరువైపులా గోడలోనికి బాగా దిగేటట్లు అమర్చిన తర్వాతనే క్రింద తెరపి చేయాలి. ఈ పని అనుభవజ్ఞుడైన ఇంజనీరు చూడకుండ జరుగరాదు. గోడ మొత్తం పోనక్కరలేదు కూడ. నడుమెత్తు వరకు గోడ ఉంచి, దాని మీద నాలుగడుగుల వెడల్పున తెరపి వదిలితే వండే మనిషికి పడసాల కనబడుతుంది, మాట వినబడుతుంది, గిన్నెలు చేతి నుంచి చేతికి అందుతాయి. అయినా గిన్నెల మురికి పంక్తిలోని వారికి కనబడదు. ఇంటి పరువు, ఇల్లాలి సుఖం రెండూ నిలిచే మార్గమిది.

పాత గోడకు సిమెంటు పూత పూయించడం మరొక పొరపాటు. మట్టిగోడ, సున్నపు గోడ నేలలోని తడిని కొంత పీల్చి గాలికి విడిచిపెడతాయి. సిమెంటు పొర ఆ దారిని మూస్తుంది. తడి లోపలనే నిలిచి, పూత ఉబ్బి రాలుతుంది. గోడలో దిగిన దూలపు కొన కుళ్లుతుంది. సున్నపు పూతే దానికి తగినది. మసి పట్టిన వాసాలను కడిగి మెరిపించే ముందు వాటికి చెద పట్టినదా అని చూపించాలి. పొగ ఉన్నన్నాళ్లు పురుగు ఆ వైపు అంతగా రాదు. పొగ మానిన ఇంట ఆ కాపలా ఉండదు.

బండల సంగతిలో ఉపాధ్యాయులు తరగతిలో చేసి చూపదగిన ప్రయోగమొకటి ఉన్నది. 2016 వరకు ఇదే రంగారెడ్డి జిల్లాలో భాగమై ఉండిన తాండూరు నాపరాయికి ప్రసిద్ధి. నేలకు అంతకంటె మంచిది లేదు: చల్లన, గట్టిది, అందుబాటు ధర. కాని అది సున్నపురాయి జాతి. నిమ్మరసం చుక్క వేస్తే దానిలోని ఆమ్లం రాతిని కొద్దికొద్దిగా తింటుంది. చింతపండు పులుసు, పెరుగు రోజూ ఒలికే వంటబల్లకు దానిని పరిస్తే రెండేండ్లలో మచ్చలు తేలుతాయి. అక్కడికి కరీంనగరు, ఖమ్మం వైపుల దొరికే గ్రానైటు మేలు. ఆమ్లానికి అది అంత సులభంగా లొంగదు. ఇట్లా ఇంటి కొలతలో భూగర్భశాస్త్రం, రసాయనశాస్త్రం రెండూ చోటు చేసుకొంటాయి.

గ్యాసు విషయం మరీ ముఖ్యం. వంటగ్యాసు గాలికంటె బరువైనది. లీకయితే పైకి లేవదు, నేల మీద నీళ్లవలె పరచుకొంటుంది. పాత వంటర్రకు పైన ఎంత పెద్ద కిటికీ పెట్టించినా, నేల మట్టానికి దగ్గరగా గాలి పోయే కన్నం లేకుంటే చాలదు. సిలిండరును నిలువుగా, పొయ్యికంటె దిగువన, నిప్పు సోకని చోట ఉంచాలి. పల్లంగా ఉన్న గుంటలోను, గాలి ఆడని మూత అరలోను దానిని దాచరాదు. వాసన తగిలిన క్షణాన విద్యుత్తు మీట వేయడం గాని, తీయడం గాని చేయరాదని పిల్లలకు సైతం నేర్పాలి.

పెరటి పొయ్యి ఉండాలా అన్నది కొత్తతరంవారికి వింత ప్రశ్న. ఉండాలి. నలభైమందికి అన్నం వార్చే గంజు ఇంటి గ్యాసు పొయ్యి మీద కుదురుగా నిలువదు. బోనాలకో, పెండ్లి మాటలకో బలగం దిగినప్పుడు పెరట్లో గాడిపొయ్యి త్రవ్వుకోవడమే ఇక్కడి వాడుక. అక్కడ నాలుగు స్తంభాల మీద ఒక చూరు, ఒక కొళాయి, నీరు పోయే కాలువ, పెద్ద గంజు ఇద్దరు పట్టుకొని దాటగలిగినంత వెడల్పు తలుపు ఉంటే లోపలి వంటింటికి సగం బరువు తగ్గుతుంది. పింగాణి పలకల ఖర్చులో నాలుగవ వంతు దీనికి చాలును. రోలు, ఇసుర్రాయి వాడేవారుంటే చూరు క్రిందకు చేర్చవచ్చును. పూలు పెట్టి పడసాలలో ప్రదర్శించడం మాత్రం ఆ రాళ్లకూ మర్యాద కాదు, వాటిని త్రిప్పి చేతులు కాయలు కాచిన ముసలమ్మలకూ మర్యాద కాదు.

చివరకు మిగిలేది బండ ఎత్తు. మేస్త్రీ తనకు అలవాటైన ఎత్తున కడతాడు. పుస్తకాలలోని 36 అంగుళాల లెక్క ఎక్కడో ఎత్తరుల దేశంలో పుట్టినది. నిలుచున్న మనిషి మోచేతికి నాలుగు నుంచి ఆరు అంగుళాల దిగువన బండ ఉంటే భుజం లేవదు, నడుము వంగదు. కాబట్టి గోడ పని మొదలుకాకముందే ఇటుకలు పేర్చి, వాటి మీద ఒక చెక్క వేసి, వండే మనిషిని పిలవాలి. ఆమె దాని మీద నిజంగానే పిండి కలపాలి, కూర తరగాలి. ఎత్తయితే ఒక ఇటుక వరుస తీయాలి, తక్కువయితే పలక ముక్క చేర్చాలి. ఇంట రెండవ కోడలున్నా, పండుగలకు వచ్చే ఆడపడుచున్నా వారినీ నిలుచోబెట్టి చూడవలసిందే. వంట మగవాడు చేసే ఇల్లయితే అతడినీ. కొలత కుదిరిన తర్వాత బొగ్గుతో గోడ మీద గీత గీయిస్తే, మేస్త్రీ దారం ఆ గీత మీదుగానే సాగుతుంది.